కాదు అనని చెక్కముక్కలు

జూన్ 28

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు, ఈసారికి కాగితం మీదే. ఊరికే ఫోన్ చేస్తున్నావట. నేను ఎత్తినా లాభం లేదు నాన్నా, నీకు గాలి చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. గొంతులోని గడ్డ తీసేశారు. ప్రమాదం ఏమీ లేదన్నారు, ఆ మాట నమ్ము. కాకపోతే కొన్నాళ్ళు నోరు విప్పకూడదు, గుసగుసలు కూడా వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఎన్నో ఏళ్ళు క్లాసులో అరిచి అరిచి పెంచిన నోరు ఇది. దీన్ని మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో నీకు వేరే చెప్పాలా? చిన్నప్పుడు నీ వంతు కూడా నేనే వాగేదాన్ని.

ఒక వింత చెప్పనా? నేను మాట్లాడలేనంటే అందరూ నాకు వినపడదనుకుంటున్నారు. మీ బావ టీ కావాలా అని వీధి చివరి దాకా వినపడేలా అడుగుతున్నాడు. పేపరు వేసే అతను నాకు చేతులు ఊపి సైగలు చేస్తున్నాడు. నేనూ తిరిగి ఊపుతున్నాను, ఏం చేస్తాను?

అసలు సంగతికి వస్తాను. మొన్న మా హెడ్‌మాస్టరు గారు ఇంటికొచ్చారు. మనసున్న మనిషే. "ఇక మీరు కష్టపడొద్దమ్మా, పుస్తకాల గదిలో కూర్చోండి, మూడో తరగతికి వేరే టీచరును చూస్తాను" అన్నారు. ఆ గదిలో మెత్తటి కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది, పిల్లలే ఉండరు. పలక తీసుకుని, ఒక్క నెల నా క్లాసు నాకే వదలమని రాశాను. ఆయన ఆలోచించి ఒప్పుకున్నారు. నెలాఖరుకు వచ్చి చివరి బెంచీలో కూర్చుంటారట. పాఠం నడిస్తే క్లాసు నాది. నడవకపోతే పుస్తకాల గది, మారు మాట్లాడకూడదు. మాట్లాడకూడదనే షరతు నాకు పెట్టడం ఆయనకే నవ్వొచ్చింది.

ఇప్పుడు జరగాల్సింది జంటమాటల పాఠం. రెండు మాటలు కలిసి ఒక్క మాట అవుతాయి చూడు, పూలు, తోట కలిస్తే పూలతోట, గాలి, పటం కలిస్తే గాలిపటం, అది. ఏటా దీన్ని ఆటలా నడిపేదాన్ని. నేను సగం మాట విసిరితే పిల్లలు మిగతా సగం విసిరేవాళ్ళు. ఇప్పుడు విసరడానికి నోరు లేదు. అందుకని నువ్వు నాకు చెక్కముక్కలు చేసిపెట్టాలి. ఒక్కో ముక్క మీద సగం మాట. ఒక ముక్క కొస ఇంకో ముక్క గాడిలో దూరి చక్కగా అతకాలి. అతుకు సంగతి నీకు నేను నేర్పాలా? మాటలన్నీ వేరే కాగితం మీద రాశాను.

నా నోరు మూయించే మొనగాడు పుట్టలేదనేవాడివి, పుట్టాడు చూడు.

నీ అక్క

జూలై 3

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం పనిబల్ల మీద రంపపు పొట్టు దులుపుకుని చదివాను. "ప్రమాదం ఏమీ లేదన్నారు" అన్న చోట ఆగి, నేను సరిగ్గానే చదివానా అని నీ మరదలి చేత మళ్ళీ చదివించుకున్నాను. అప్పుడుగానీ మిగతాది బుర్రకెక్కలేదు.

నువ్వు ఇంట్లో మాట్లాడకుండా తిరుగుతున్నావంటే బావకి తిండి సహిస్తోందా? అలవాటు లేని నిశ్శబ్దం మనిషిని పాడు చేస్తుంది. ఆయన్ని ఒకసారి డాక్టరమ్మకు చూపించు.

ముక్కలు మొదలుపెట్టాను. ఇక్కడ పెద్ద మేడ ఒకటి కడుతున్నారు. కిటికీలన్నీ నావే. వాటిలో మిగిలిన గట్టి చెక్క ఉంది, బాగా ఆరిన చెక్క, వానకి ఉబ్బదు, ఎండకి వంగదు. చిత్రిక పట్టి, పిల్లల చేతికి గుచ్చుకోకుండా అంచులన్నీ నున్నగా తోముతున్నాను. నల్లరంగుతో అక్షరాలు నీ మరదలు రాస్తానంది. నా రాత నీకు తెలుసుగా.

ఒక్క అనుమానం. నీ కాగితంలో "నీటి" అనీ "చేతి" అనీ రాశావు. నీరు, చెయ్యి అని కదా ఉండాలి? మందుల మత్తులో తప్పు రాశావేమోనని నేనే దిద్దబోయాను. నీ మరదలు నా చెయ్యి పట్టుకుని ఆపింది. నీకు రాసి కనుక్కోమంది.

ఇప్పుడు నువ్వు నోరెత్తలేవు కాబట్టి ఒకటి చెబుతాను. చిన్నప్పుడు నీ వాగుడు మాకు రేడియో. మళ్ళీ మోగితే చాలు.

తమ్ముడు

జూలై 7

తమ్ముడికి,

దీవెనలు. నా మరదల్ని ముందు మెచ్చుకుంటున్నాను, నిన్ను తర్వాత.

నీ అనుమానం మా క్లాసులో ప్రతి ఏడూ ఎవరో ఒకరికి వస్తుంది. వాళ్ళకి చెప్పేదే నీకూ చెబుతాను విను. కొన్ని మాటలు ఇంట్లో ఒక చొక్కా వేసుకుంటాయి, ఇంకో మాటతో కలిసి బయటికెళ్ళేటప్పుడు వేరే చొక్కా వేసుకుంటాయి. నీరు ఒంటరిగా ఉన్నప్పుడు నీరే. చుక్కతో కలిసి బయల్దేరితే "నీటి" అవుతుంది, నీటిచుక్క. చెయ్యి సంచితో వెళితే చేతిసంచి. కన్ను చూపుతో వెళితే కంటిచూపు. వాన మాత్రం ఉన్న బట్టల్లోనే బయల్దేరుతుంది, వానచినుకు. పిల్లలకి ఇలా చెబితే ఇక మరిచిపోరు. ఏ మాట బట్టలు మార్చుకుంటుందో, ఏది మార్చుకోదో వాళ్ళే వెతుక్కుంటారు.

క్లాసు సంగతులు అడగలేదు నువ్వు, అయినా చెబుతాను. మొదటి రోజు గోలగోలగా ఉంది. రెండు చప్పట్లు కొడితే కూర్చోవాలి, బల్ల మీద తడితే పుస్తకం తీయాలి అని పలక మీద రాశాను. అలవాటు పడ్డారు. ఇప్పుడొక చిత్రం జరుగుతోంది. నేను మాట్లాడనని వాళ్ళూ నాతో గుసగుసగానే మాట్లాడుతున్నారు. ముందు బెంచీలో ఒక పిల్ల ఉంది, ప్రశ్నల పుట్ట. గుసగుసగా అడిగినా దాని ప్రశ్నలకి అంతులేదు. వాళ్ళని చూస్తుంటే ఆ కుర్చీ, ఆ ఫ్యాను నాకెందుకురా అనిపిస్తోంది. ఈ క్లాసు పోతే నేనేమవుతానో తెలియదు.

ముక్కలు త్వరగా పంపు నాన్నా, నెల కరిగిపోతోంది.

అక్క

జూలై 13

తమ్ముడికి,

పెట్టె అందింది. మూత తీయగానే కొత్త చెక్క వాసన ఇల్లంతా పరుచుకుంది. మీ బావ వచ్చి ఒక్కో ముక్కనీ బుగ్గకి ఆనించుకుని ఎంత నున్నగా ఉందో అన్నాడు, యథాప్రకారం అరుస్తూ. మరదలి అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఇంత పని ఉండగా నాకోసం కూర్చుని చేశావు, నిన్ను తలుచుకుంటే కడుపు నిండిపోతోంది.

కానీ ఒక చిక్కు వచ్చిపడింది. ఏ ముక్క ఏ ముక్కకైనా పట్టేస్తోంది. పూలు తోటకే పట్టాలి, గాలి పటానికే పట్టాలి అని నేను అనుకున్నాను. నేను "కాదు" అనలేను కదా, ఆ "కాదు" ఏదో చెక్కే అంటుందని నా ఆశ. తప్పు ముక్క దూరకపోతే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే సరైనది వెతుక్కుంటారనుకున్నాను. నీ ముక్కలు దేనికీ కాదనవు. తలుపు పటంలో దూరుతోంది, పిట్ట బండిలో దూరుతోంది. ఇది పిల్లల చేతికిస్తే ఏమవుతుందో ఊహించుకుంటే చెమటలు పడుతున్నాయి. తప్పు నీది కాదు, నేనే విడమరిచి రాయలేదు. ఎలాగో సర్దుకుంటాను, నువ్వు కంగారు పడకు.

అక్క

జూలై 17

అక్కకి,

నీ ఉత్తరం ఇంకా నాకు చేరలేదు. ఫోన్ చేస్తే బావ చెప్పాడు, ముక్కలు పనికిరాకుండా పోయాయట, నువ్వు నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నావట. నీతో మాట్లాడదామంటే కుదరదు, ఆయనతో మాట్లాడితే చెవులు పోతాయి. ఎలా పనికిరాలేదని అడిగాను. అన్నీ అన్నిటికీ పడుతున్నాయట. మరి పడాలి కదా?

నా పద్ధతి చెబుతాను, నీకు కోపం వస్తే రానీ. నాకు పని నేర్పిన పెద్దాయన ఒకటే కొలతచెక్క చేతికిచ్చి, దాన్ని బట్టే ప్రతి గాడీ కొయ్యమనేవాడు. మేడ మొత్తంలో ఏ కిటికీ రెక్కైనా ఏ చట్రానికైనా పట్టాలి. బిగించేవాడు ఇది ఎక్కడిది, అది ఎక్కడిది అని వెతుక్కోకూడదు. నా రెక్కలు ఈ రోజుకీ అలాగే పడతాయి, నాకు పేరొచ్చిందే దానివల్ల. నీ ముక్కలకీ అదే కొలతచెక్క పెట్టాను. మంచి పనంటే నాకు తెలిసింది అది.

సరే, అది నీకు అక్కరకు రాలేదు. ఆ పెట్టె పక్కన పడెయ్యి. వేరేది చేస్తున్నాను. ఒక్కో జంటకీ ఒక్కో రకం గాడి. ఒకటి గుండ్రం, ఒకటి వంకర, ఒకటి మెట్టు. నీ క్లాసు పోతే అది నా చేతి వల్ల పోయిందన్న మాట నేను పడలేను.

తమ్ముడు

జూలై 18

ఒరేయ్ తమ్ముడూ,

నా కిందటి ఉత్తరం చించి పొయ్యిలో పెట్టు. కొత్త ముక్కలు చేసే ఆలోచన ఏదైనా ఉంటే, ఉండే ఉంటుంది, మానుకో.

గత్యంతరం లేక నీ పెట్టెని క్లాసుకి తీసుకెళ్ళాను. బల్లల మీద పోశాను. ముందు అందరూ మామూలు మాటలే కలిపారు, పూలతోట, వంటగది, రైలుబండి. వెనక బల్ల మీద ఒకడు గాలి ముక్కకి సంచి తగిలించి నా ముఖం చూశాడు. నేను కాదు అనాలి. నోరు తెరవలేను, తల అడ్డంగా ఊపుదామా అనుకునేలోపు వాడే చెప్పాడు. గాలిసంచి అంటే చిప్స్ పొట్లమట. లోపల చిప్స్ కంటే గాలే ఎక్కువ కాబట్టి. క్లాసంతా గొల్లుమంది. నేను నవ్వకూడదు, గొంతుకి మంచిది కాదు, అయినా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

ఇక చూడు. వానగది అంటే ఇంటి పైకప్పు కారే వాళ్ళ గది. నీటిబండి అంటే పడవ. పడవని అలా కూడా అనొచ్చని నాకే ఇన్నాళ్ళూ తట్టలేదు. నిప్పుపిట్ట అంటే చీకట్లో గీసిన అగ్గిపుల్ల. గడియారగది అంటే మా హెడ్‌మాస్టరు గారి గది, ఎందుకంటే అక్కడికి పంపితే టైము కదలదట. నేను బోర్డు మీద ఒక్క షరతు రాశాను. ఎవరు ఏ మాట కలిపినా అదేమిటో చెప్పగలగాలి, చెప్పలేకపోతే ముక్కలు విడదీయాలి. ఆ తర్వాత నాకు పనే లేదు. ఒకరు కలపడం, మిగతావాళ్ళు నిలదీయడం. ఉన్న మాట ఏదో, తాము కట్టిన మాట ఏదో వాళ్ళకి ఇట్టే తెలిసిపోతోంది. నేను నోటితో చెప్పిన ఏ ఏడూ ఈ పాఠం ఇంత లోపలికి దిగలేదు నాన్నా.

నీ ముక్కలు కాదు అనకపోవడమే నాకు కలిసొచ్చింది. నీ చేతులకి ఎంత రుణపడ్డానో రాయడానికి ఈ కాగితం చాలదు.

పొంగిపోతున్న నీ అక్క

జూలై 24

తమ్ముడికి,

నీ 17వ తేదీ ఉత్తరం చేరింది. చదివి మీ బావని చూసిన చూపుకి ఆయన పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాడు. నా 18వ తేదీ ఉత్తరం నీకు ఈపాటికి అందాలే. జవాబు లేదు. అలిగావా? చిన్నప్పుడు అలిగితే మంచం కిందికి దూరేవాడివి, ఇప్పుడు ఎక్కడికి దూరావు? పోస్టు వచ్చే వేళకి గుమ్మంలో నిలబడుతున్నాను.

డాక్టరమ్మ కొద్దికొద్దిగా మాట్లాడొచ్చంది. ఫోన్ సంగతి మాత్రం ఇప్పుడే అడగకు.

నెలాఖరు దగ్గరికొచ్చింది. హెడ్‌మాస్టరు గారు తేదీ ఖాయం చేశారు. నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఒక్క ముక్క రాయి, కోపంగానైనా సరే.

అక్క

జూలై 27

అక్కకి,

ఎక్కడికీ దూరలేదు, ఆ మేడ పని దగ్గరే మకాం పెట్టాను. ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరాలు మూడూ బల్ల మీద ఉన్నాయి. చేయొద్దని నువ్వు రాసింది చదివాను, కానీ రెండో పెట్టె అంతకుముందే పంపేశాను. పని ముగిసిన వేళల్లో కూర్చుని చేశాను. మన్నించు. పారేస్తావో ఏం చేస్తావో నీ ఇష్టం.

గాలిసంచి సంగతి నా దగ్గర పనిచేసేవాళ్ళందరికీ చెప్పాను. ఇక్కడ మా మేస్త్రీకి ఆ పేరు పెట్టేశారు.

కానీ ఒకటి లోపల గుచ్చుకుంటోంది. నువ్వు మాట్లాడొచ్చన్నారని బావ ముందే చెప్పాడు. అయినా నువ్వు ఫోన్ చేయలేదు. పైగా అడగొద్దని రాశావు. పొగుడుతూ ఎంత రాసినా, ముక్కల మీద కోపం ఇంకా పోలేదనే నాకు అనిపిస్తోంది. కోపమైతే చెప్పు, పడతాను. నాతో మాట్లాడకుండా మాత్రం ఉండకు.

తమ్ముడు

ఆగస్టు 1

తమ్ముడికి,

నిన్నే హెడ్‌మాస్టరు గారు వచ్చారు. అంతా వరసగా చెబుతాను, మధ్యలో చివరికి పోకు.

నీ రెండో పెట్టె ముందు రోజే అందింది. వంకర గాడులు, మెట్టు గాడులు, ఎంత ఓపిక పట్టావో అని చేత్తో తడిమి చూసుకున్నాను. సరే, పెద్దాయన వస్తున్నారు, ఆయన ముందు పొరపాటు మాటలేవీ దొర్లకుండా ఇదే మర్యాదగా ఉంటుందని పాత పెట్టె బీరువాలో పెట్టి, కొత్త పెట్టె బల్లల మీద పోశాను. భయంరా. క్లాసు పోతుందన్న భయంలో నాకు ధైర్యం చాలలేదు.

ఆయన చివరి బెంచీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నారు. పిల్లలు జంటలు కలిపారు, అన్నీ సరైనవే. ఒక్కటీ తప్పు పోలేదు, ఒక్కరూ నవ్వలేదు. కలిపేసి చేతులు కట్టుకుని కూర్చున్నారు. క్లాసు చల్లారిపోయింది. ఆయన ముఖం చూస్తే పుస్తకాల గది తాళంచెవి నా చేతిలో పెడుతున్నట్టే అనిపించింది.

ఆయన పిల్లల్ని అడిగారు. "మీ టీచరు సరిగ్గా మాట్లాడలేరు కదా, మరి మీకు పాఠం ఎలా తెలుస్తోంది?"

మా ప్రశ్నల పుట్ట లేచి, బల్ల మీది "నోటిమాట" అన్న జంటని విడదీసింది. "నోటి" పక్కన పెట్టి, "మాట"కి "చేతి" ముక్క తగిలించబోయింది. అది దూరలేదు, గాడి వేరు కదా. నొక్కి చూసింది, తిప్పి చూసింది. నా వైపు ఒకసారి చూసి, అడగకుండానే బీరువా తెరిచి పాత పెట్టె తెచ్చింది. అందులోంచి రెండు ముక్కలు ఏరి, కలిపి, వెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టింది.

చేతిమాట.

"టీచరు చేతులతో చెప్పేది సార్" అంది.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. విడదీశారు, మళ్ళీ కలిపారు. "ఇలాంటి మాట లేదే అమ్మా" అన్నారు.

"ఇప్పుడుంది సార్" అంది అది.

నా కళ్ళు నిండిపోయి బోర్డు కనపడలేదు. అప్పటికే మిగతావాళ్ళు పాత పెట్టె మీద పడ్డారు. గడియారగది కూడా ఆయన ఒళ్ళోకి చేరింది, అర్థంతో సహా. ఆయన నవ్వాపుకోలేక బెంచీలోంచి లేవబోయి మోకాలు కొట్టుకున్నారు. వెళ్తూ గుమ్మంలో ఆగి, పుస్తకాల గదిలో కుర్చీ తానే వాడుకుంటానన్నారు. క్లాసు నాదే తమ్ముడూ. ఈ ఏడే కాదు, నేను వద్దనే దాకా.

నీ రెండో పెట్టె వృథా పోలేదు. రెండో తరగతి టీచరు అడిగి తీసుకెళ్ళింది. అక్కడ మాటలు ఇంకా కొత్త, దారి చూపే ముక్కలు కావాలి. కానీ నా క్లాసుని నిలబెట్టింది మాత్రం నీ కిటికీల కొలతచెక్క. నువ్వు నాకోసం కొత్తగా ఏమీ చేయకుండా, నీకు తెలిసిన మంచి పని చేశావు. దానికి నేను చెమటలు పట్టించుకున్నాను. నీ పని నన్ను కాపాడింది. ఇంతకన్నా పెద్ద మాట నా దగ్గర లేదు.

ఇక ఫోన్ సంగతి. కోపం కాదురా పిచ్చోడా. నా గొంతు మారిపోయింది. ఇది ఇలాగే ఉండిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. బొంగురుగా, చిరిగినట్టు వస్తోంది. నాకే నేను పరాయిదానిలా వినిపిస్తున్నాను. పిల్లల ముందు సిగ్గు లేదు, మీ బావ ముందు లేదు, నీ ముందే ఎందుకో వెనకాడాను. నా రేడియో మళ్ళీ మోగితే చాలని రాశావు, ఆ రేడియో ఇక లేదని నీకు ఎలా వినిపించను?

ఆదివారం పొద్దున చేస్తాను. జడుసుకోకు.

అక్క

ఆగస్టు 7

అక్కకి,

నిన్న నువ్వు ఫోన్ చేశావు. "తమ్ముడూ" అన్నావు. నేను ఏమీ అనకుండా ఫోన్ నీ మరదలి చేతికి ఇచ్చేశాను. తర్వాత మీరిద్దరూ ఏవేవో మాట్లాడుకున్నారు, నేను వరండాలో ఉండిపోయాను. నా గొంతు వినలేక లేచి వెళ్ళిపోయాడని నువ్వు అనుకునే ఉంటావు. నీ మరదలు సర్దిచెప్పిందట కానీ నువ్వు నమ్మలేదని తనే అంది.

ఉన్నది చెబుతున్నాను. నీకు ఆపరేషన్ అన్న రోజు నుంచి, ఇక ఆ పిలుపు వినబోనేమోనని వణుకుతూనే ఉన్నాను. నీకు రాసిన వేళాకోళాలన్నీ ఆ వణుకులో రాసినవే. ముక్కల మీద నువ్వు కోపంగా ఉన్నావని ఎందుకు పట్టుకు వేలాడానంటే, కోపమైతే ఏదో ఒకనాటికి పోతుంది, పలుకుతావు. అసలు గొంతే లేకపోతే నేనేం చేయను?

నిన్న నువ్వు పిలిచావు. గొంతు కొత్తదే, పిలిచింది నువ్వే. అంతే, నాకు నోట మాట రాలేదు. ఇంత వయసొచ్చి, ఇంట్లో అందరూ చూస్తుండగా, చెక్కపొట్టు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాను.

నీ గొంతు గరుకుగా ఉంటే ఉండనీ అక్కా. నాకు బతుకంతా గరుకు చెక్కతోనే గడిచింది, అదే నాకు ఇష్టం.

ఈ ఉత్తరం అందగానే మళ్ళీ చెయ్యి. ఈసారి ఫోన్ ఎవరికీ ఇవ్వను.

నీ తమ్ముడు